డబ్బులు మిగిలిన నెల

మార్కాపురం పలకల మిల్లుల్లో శనివారం బట్వాడా. పెళ్ళైనప్పటి నుంచి మా ఆయన ప్రతి శనివారం సాయంత్రం ఆ వారం కూలి తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. దాన్ని మళ్ళీ శనివారం దాకా సాగదీయడమే నాకు తెలిసిన సంసారం. శుక్రవారానికి కూరగాయలు అయిపోతే పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. శనివారం మళ్ళీ కోడిగుడ్లు. నెల మొత్తానికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని మేమెప్పుడూ కూర్చుని చూసుకోలేదు. వారం గడిస్తే నెల గడిచినట్టే, నెల గడిస్తే ఏడాది గడిచినట్టే.

చూసుకోవాల్సిన అవసరం ఆయన ఊపిరితిత్తులు పాడైన తర్వాత వచ్చింది.

ఆయనది రాచర్ల దగ్గర పల్లె. ఉన్న మెట్టపొలం ఇద్దరన్నదమ్ములకు చాలదని, పొలమూ గొర్రెలూ అన్నకు వదిలేసి, పెళ్ళికి ముందే మార్కాపురం వచ్చి మిల్లులో చేరాడు. మిషన్ మీద రాయి కోసే పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల్లో, చొక్కా మడతల్లో బూడిదరంగు దుమ్ము. తల మీద నీళ్ళు పోసుకుంటే కాళ్ళ కింద బండ నల్లబడేది. పనిలో ఉన్నంతసేపూ మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. ఆ తువ్వాలు చాలనుకున్నాడు. పక్కన పనిచేసేవాళ్ళూ అదే అనుకున్నారు.

దగ్గు మొదలైతే మొదట టీబీ అన్నారు. నెలల తరబడి ఆ మందులు మింగాడు. తగ్గలేదు. చివరికి గుంటూరు పోతే, అక్కడి డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, “ఇది టీబీ కాదమ్మా. రాతిదుమ్ము. లోపల పేరుకుపోయింది. వచ్చిపోయే జబ్బు కాదు, ఇంకా పెరక్కుండా చూసుకోవడమే” అన్నాడు. మిల్లు వైపు పోవద్దన్నాడు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. వినుకొండ దాటాక నా వైపు తిరిగి, “ఇంగ శనివారం నీకేం తెచ్చియ్యాల?” అన్నాడు. జబ్బు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

నేను ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెప్తాను. బడి నుంచి వచ్చాక జాకెట్లు కుడతాను. ఆయన కూలి ఉన్నప్పుడు నా జీతం పైఖర్చులకు సరిపోయేది. ఇప్పుడు అదే ఇల్లు నడపాలి. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి పదో తరగతి అయిపోయి ఇంటర్లో చేరింది.

కొన్నాళ్ళు ఆయన ఒక దుకాణానికి కాపలా ఉన్నాడు. అదీ చేతకాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మందులు కొనడానికి నా చెవి కమ్మలు అమ్మిన వారమే, ఆదివారం పొద్దున టీ తాగుతూ ఆయన ఆ మాట ఎత్తాడు.

“నెలకు మనకు ఎంత గావాల్నో ఒకసారి కూర్చోని చూద్దామే. కానరాని దానికి భయపడితే నిద్ర పట్టదు. ఇంత అని తెలిస్తే దానికి తగినంతే భయపడొచ్చు.”

మా ఇంట్లో పలకలకు కొదవ లేదు. అంచు విరిగి మిల్లులో పక్కన పడేసినవి ఆయన ఎన్నో తెచ్చేవాడు. పాప వాటిలో పెద్దది తీసుకుని బలపంతో రాసింది. వచ్చేది ఒకవైపు, పోయేది ఒకవైపు. పోయేది ఎక్కువైంది. మళ్ళీ మళ్ళీ తుడిచి రాశాము. పాలు సగం చేశాము. కేబుల్ టీవీ తీసేశాము. టీ ఒక్కపూటే. కోడిగుడ్లు లేవు. పండ్లు లేవు. ఆయన మందులు తప్ప మిగతావన్నీ కోసుకుంటూ వస్తే చివరికి రెండు వైపులా సమానమైంది. ఆయన ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు. “చూడు, సరిపోయింది” అన్నాడు, ఆ సరిపోవడం ఏదో మిల్లు ఓనరు ఇచ్చిన బోనస్ అయినట్టు.

ఆ లెక్క రెండో వారం కూడా నిలబడలేదు. రాచర్లలో ఆయన మేనత్త పోయింది. రానూపోనూ చార్జీలు, పైన కప్పే గుడ్డ, దినాల నాడు మళ్ళీ చార్జీలు. అది కాగానే గ్యాస్ అయిపోయింది. పాప కాలేజీలో రికార్డు పుస్తకాలు కొనమన్నారు. నేను వీధి చివరి దుకాణానికి పోయాను.

ఆ దుకాణం ఒక ముస్లిం పెద్దామెది. భర్త ఉన్నప్పుడు ఇద్దరూ నడిపేవారు, ఇప్పుడు ఒక్కతే. వీధిలో అందరం ఆమెను ఖాలా అంటాం. నేను కందిపప్పు అప్పు అడిగాను. అరువు తేకూడదని పలక మీద రాసుకున్నామని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. సిగ్గు తగ్గుతుందనేమో.

ఆమె పప్పు తూస్తూ, “చావులు, పెళ్ళిళ్ళు రాసుకుంటిరా బేటీ?” అంది.

“లేదు ఖాలా.”

“అవి నెలనెలా వస్తాయి గదా. ఈ నెల వాళ్ళింట్ల, వచ్చే నెల ఇంకోళ్ళింట్ల. నా ఖర్చులో అన్నిటికంటే పెద్దది అదే. అది రాయకుండ ఏం రాసినా దండగే.”

ఇంటికొచ్చి ఆ మాట ఆయనకు చెప్పాను. తర్వాతి ఆదివారం పాత లెక్క తుడిచేసి కొత్తది మొదలుపెట్టాము. ఈసారి ఏం తగ్గించాలి అని కాకుండా, పోయిన ఏడాది నిజంగా ఏమేం ఖర్చయింది అని గుర్తు చేసుకుంటూ రాశాము. చావులు, పెళ్ళిళ్ళు అని ఒక వరుస. గ్యాస్ రెండు నెలలకు ఒకటి కాబట్టి నెలకు సగం తీసి పెట్టడం. ఎండాకాలం కొళాయి రాదు కాబట్టి ట్యాంకరు నీళ్ళకు మాఘమాసం నుంచే కొంచెం కొంచెం పక్కన వేయడం. పాపకు బస్సు పాసు, నెలనెలా ఆడపిల్లకు కావాల్సినవి. రెండు పూటలా టీ మళ్ళీ వచ్చింది. రెండో టీ లేకుండా వారం ఉన్నాము, ఆ వారమంతా ముగ్గురమూ ఒకరి మీద ఒకరం చిరచిరలాడాము.

అంతా అయ్యాక ఆయన పలక చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చదివాడు. “మీ అమ్మ పేరు మీద ఏమీ లేదే” అన్నాడు పాపతో.

“నాకేం గావాల? ఇంటికి గావాల్సినవన్నీ ఉండాయి గదా” అన్నాను.

“ఇంటికి గాదు. నీకు.”

అప్పుడు పాప అంది, “బస్టాండు కాడ హోటల్లో కారం దోసంటే అమ్మకు ఇష్టం నాయనా.”

ఆయనే బలపం తీసుకుని కింద రాశాడు, ‘దోస’ అని. అప్పటి నుంచి నెలకొకసారి జీతమొచ్చిన ఆదివారం నేనూ పాపా బస్టాండు దాకా నడిచిపోయి చెరొక కారం దోస తినేవాళ్ళం. ఆయన అంత దూరం రాలేడు. పార్సిల్ తెస్తామంటే, చల్లారిన దోస నాకొద్దనేవాడు. మేం తిరిగొచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉండేవాడు. చట్నీ ఏమేసినారు, కారం ఎక్కువైందా, రద్దీగా ఉండిందా, మిల్లోళ్ళు ఎవరన్నా కనబడినారా అని అన్నీ అడిగేవాడు. పాప ఒక్కటీ వదలకుండా చెప్పేది. మేం తిన్నది ఆయన అట్లా వినేవాడు.

ఆ లెక్క పట్టుకుని మేం నిజంగానే బతికాము. ఏ నెలా పూర్తిగా సరిపోయింది కాదు, కానీ ఎంత తక్కువ పడుతుందో ముందే తెలిసేది. తక్కువ పడేదానికి ఇంకో నాలుగు జాకెట్లు కుట్టేదాన్ని.

ఆ తర్వాత నాలుగైదు నెలలకు ఊపిరి మిషన్ వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నని గొట్టం గుండా ముక్కుకు అందించే పెట్టె అది. కొనే శక్తి లేదు, నెల బాడుగకు తెచ్చుకున్నాము. ముందు డిపాజిట్ కట్టమంటే, నేను బడిలో చీటీ పాడి కట్టాను. రోజులో ఎక్కువసేపు అది నడవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. మొదటి నెల కరెంటు బిల్లు చూసి ఇది మనది కాదేమో అనుకున్నాను. యూనిట్లు పెరిగే కొద్దీ రేటు కూడా పెరుగుతుందన్న సంగతి అంతకుముందు మాకు తెలియదు, మేమెప్పుడూ అంత కాల్చలేదు. బాడుగ ఒక వరుస, కరెంటు ఒక వరుస. ఆ రెండిటి కోసం మిగతావన్నీ మళ్ళీ జరపాల్సి వచ్చింది. దోస తీసేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే మా బావ కూతురి పెళ్ళి వచ్చింది. బావ అంటే మా ఆయన అన్న, పల్లెలో గొర్రెలు చూసుకునే ఆయన. సొంత అన్న కూతురి పెళ్ళి. ఉంగరమో, చీరా పదివేలో పెట్టకపోతే బాగుండదు. చావులు, పెళ్ళిళ్ళ వరుసలో కూడబెట్టింది ఎంతుందో చూస్తే వెయ్యిన్నూట పదహార్లు, చార్జీలు పోను ఒక చీర.

“అంతే పెట్టు. ఉన్నెదే పెడతాండాం, దొంగతనం చేయలేదు గదా” అన్నాడు ఆయన.

నేనూ పాపా పోయాము. భోజనాలయ్యాక చదివింపులు మొదలయ్యాయి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతున్నారు. దూరపు బంధువులవి కూడా ఐదువేలు, పదివేలు వినబడుతున్నాయి. అప్పుడు వినబడింది, “పెళ్ళికూతురు చిన్నాయన, చిన్నమ్మ, మార్కాపురం. చీర, వెయ్యిన్నూట పదహార్లు.” మైకు చదివే ఆయన పొరపాటు పడ్డాననుకున్నాడేమో, ఒక క్షణం ఆగి, కాగితం మళ్ళీ చూసుకుని, ఇంకోసారి అదే చదివాడు. నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపారు. పాప నా కొంగు చివర పట్టుకుంది, చిన్నపిల్లప్పుడు పట్టుకున్నట్టు.

పెళ్ళయిన వారానికి బావ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు. “ఏందిరా, నా బిడ్డకు వెయ్యిన్నూట పదార్లు చదివిస్తావా? మీ వదిన ఇంట్ల తలెత్తుకోలేకపోతాంది. దుడ్లు లేకుంటే నాతో ఒకమాట చెప్తే నేనే నీ పేరు మీద చదివించుకుందును గదరా.”

“అది నాది కాదు గదన్నా అప్పుడు” అన్నాడు మా ఆయన. ముక్కుకు గొట్టం ఉంది. మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. “నా కాడ ఉన్నెది అంతే.”

బావ ఇంకా ఏదో అనబోయి, గోడకు ఆనించిన పలక చూశాడు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, కూడబలుక్కుని చదువుతాడు. దగ్గరికి పోయి కూర్చుని, మిషన్ బాడుగ, కరెంటు, మందులు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు. చావులు, పెళ్ళిళ్ళు అన్న చోట ఆగిపోయాడు. ఆ వరుసలో నెలకు ఎంత వేస్తున్నామో చూశాక, తన కూతురికి మేం పెట్టింది ఎన్ని నెలలదో ఆయనకు అర్థమైంది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “అమ్మా, కాసిన్ని మంచినీళ్ళియ్యి” అన్నాడు నాతో. నీళ్ళు తాగి, తమ్ముడి కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుని, వాళ్ళ నాయన నాటి సంగతులు ఏవో మాట్లాడి, అన్నం తిని పోయాడు. చదివింపుల మాట మళ్ళీ ఎత్తలేదు.

కొద్దిరోజులకే మళ్ళీ వచ్చాడు. రెండు పొట్టేళ్ళు అమ్మి ఆ డబ్బు తెచ్చాడు. మా ఆయన వద్దనలేదు. అన్న చేతులు పట్టుకున్నాడు. బావ పోయాక నేను పలక తీసుకుని వచ్చే వైపు ఆ మొత్తం రాయబోతే ఆపాడు.

“అది ఒక్కసారికి వచ్చింది. నెలనెలా వచ్చేదాంట్ల కలిపితే వచ్చే నెల మోసపోతాం. కరెంటు పోతే మిషన్ ఆగిపోతాంది గదా, దానికేమన్నా చూద్దాం.”

ఇన్వర్టరు పెట్టించాము. ఆ ఎండాకాలం కరెంటు కోతలు గడిచాయంటే ఆ రెండు పొట్టేళ్ళ పుణ్యమే.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు ఎవరో ఊరి పెద్దమనిషి పోయాడని బడికి మధ్యాహ్నమే సెలవిచ్చారు. మామూలుగా మా వీధి మలుపు తిరగ్గానే మిషన్ గుయ్‌మనే చప్పుడు వినబడేది. ఆరోజు లేదు. కరెంటు పోయిందేమో, ఇన్వర్టరు పనిచేయడం లేదేమో అనుకున్నాను. కానీ పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది.

తలుపు తోసి లోపలికి పోతే ఆయన మంచం అంచున రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళూ అంతే. నన్ను చూసి కంగారుపడ్డాడు, పట్టుబడినట్టు.

“కరెంటు ఉండాదే?” అన్నాను.

“ఉండాది.”

“మరి?”

“కొంచెంసేపు ఆపినా. బాగనే ఉండాను.” ఆ రెండు మాటలకూ మధ్యలో మూడుసార్లు ఆగాడు.

స్విచ్చి వేసి గొట్టం ముక్కుకు తగిలించి పక్కన కూర్చున్నాను. రంగు తిరిగాక ఆయనే చెప్పాడు. నేను బడికి, పాప కాలేజీకి పోగానే ఆపేస్తున్నాడట. పాప వచ్చే వేళకు ముందు మళ్ళీ వేసుకుంటున్నాడట.

“పోయిన నెల బిల్లు రాసుకున్నదానికంటే ఎక్కువొచ్చింది గదా. ఎక్కడో ఒకచోట తగ్గించాల. పాప చదువులో తగ్గిద్దామా? నీ దోసలో తగ్గిద్దామా? నా చేతిలో ఉన్నెది ఆ స్విచ్చి ఒక్కటే.”

నాకు కోపం రాలేదు. భయమేసింది. ఈ మనిషికి ఏం చెబితే ఎక్కుతుందో నాకు తెలుసు కాబట్టి ఆ మాటే చెప్పాను. “ఇంగొకసారి ఆపినావంటే నేను బడి మానుకోని నీ ఎదురుగా కూర్చుంటా. అప్పుడు జీతం గూడ పోతాది. ఏది తక్కువ ఖర్చో నువ్వే చూసుకో.”

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక నా చెయ్యి పట్టుకుని, “లెక్క బాగా నేర్చినావే” అన్నాడు.

ఆ తర్వాత ఆపలేదు. పలక మీద కరెంటు వరుస అన్నిటికంటే పైకి పోయింది, బియ్యం కంటే పైకి. నేను జాకెట్లతో పాటు బడి యూనిఫాం చొక్కాలు కట్టలుగా తెచ్చుకుని కుట్టడం మొదలుపెట్టాను. పాప సాయంత్రం వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పింది. ట్యూషన్ పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఆయన మంచం మీద నుంచే తప్పులు దిద్దేవాడు.

ఆయన చలికాలంలో పోయాడు. పొద్దున్నే, నేను టీ కాచి గ్లాసులో పోసి తీసుకొచ్చేలోపల. తల గోడకు ఆనించి కూర్చునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని టీ పక్కన పెట్టి భుజం తట్టాను.

జనం వచ్చారు. ఖాలా దుకాణం మూసేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయనను కిందికి దించి చాప మీద పడుకోబెట్టారు. ఏడుపులూ మాటలూ ఫోన్లూ. వాటన్నిటి కింద మిషన్ అట్లే నడుస్తోంది. గొట్టం మంచం మీద పడి ఉంది, ఎవరికీ కాకుండా గాలి వదులుతోంది. నాకు ఆ చప్పుడు ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టు అలవాటైపోయింది, అందుకే వినబడలేదు. మధ్యాహ్నం బావ రాచర్ల నుంచి వచ్చి, తమ్ముణ్ణి చూసి, కాసేపటికి లేచి స్విచ్చి తీసేశాడు. అప్పుడు ఇల్లంతా ఒక్కసారి ఖాళీ అయింది. నేను అప్పటిదాకా ఏడవలేదు.

దినాలు అయిన తర్వాత మిషన్ బాడుగకిచ్చిన వాళ్ళ మనిషి ఆటో తీసుకుని వచ్చాడు. మంచివాడు, కుర్రవాడేమీ కాదు, నడివయసు మనిషి. పెట్టె తుడిచి, గొట్టం చుట్టి పెట్టుకుని, డిపాజిట్ డబ్బు నా చేతికిచ్చి లెక్క చూసుకోమన్నాడు. ఆ డబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎప్పుడో చీటీ పాడి కట్టిన డబ్బు. అది తిరిగి వస్తుందని నాకు తెలుసు, రసీదులో కూడా ఉంది. కానీ ఎప్పుడు తిరిగి వస్తుందో అంతకుముందు ఆలోచించలేదు.

జనవరి దాటాక కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు. నెలనెలా వచ్చేవాడే. మీటరుకు బిల్లు మిషన్ పెట్టి, వచ్చిన చీటీ చించి, దాన్ని చూసి మళ్ళీ మీటరు చూశాడు.

“ఏందక్కా, ఈ నెల ఊర్లో లేకపోతిరా? ఇంత తక్కువొచ్చింది” అన్నాడు.

అతనికి తెలియదు. ఎవరు చెప్తారు. “ఉండాం” అన్నాను. చీటీ తీసుకున్నాను. ఊపిరి మిషన్ రాకముందు వచ్చినంత బిల్లు. అతను పక్కింటికి పోయాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ నెల మాకు డబ్బులు మిగిలాయి.

ఆదివారం పాప పలక పెట్టుకుని కూర్చుంది. మిషన్ బాడుగ లేదు, మందులు లేవు, గుంటూరు చార్జీలు లేవు, కరెంటు నాలుగో వంతు. ఒక్కొక్కటీ తుడిచింది. వచ్చేది ఒకవైపు, పోయేది ఒకవైపు. ఆయన ఉన్నన్నాళ్ళు ఎన్ని రకాలుగా జరిపినా సరిపోని లెక్క, మిగిలింది. తక్కువేమీ కాదు, ఇంకో నెల ఇంటి బాడుగ కట్టగలిగినంత. పాప బలపం కింద పెట్టి, “మిగిలినాయమ్మా” అంది. అని లోపలికి పోయింది. నేను దాని వెనక పోలేదు. దానికి ఏం కనబడిందో నాకూ అదే కనబడింది. వాళ్ళ నాయన తినేది ఇంత, పీల్చేది ఇంత అని ఆ పలక చెబుతున్నట్టుంది దానికి.

ఆ డబ్బు ముట్టుకోలేకపోయాను. బీరువాలో చీరల కింద పెట్టాను. తర్వాతి నెల మళ్ళీ మిగిలింది, దానిపైనే పెట్టాను. ఖాలాతో ఒకరోజు చెప్పాను, డబ్బు ఉంది, ఖర్చు పెట్టబుద్ధి కావడం లేదని. ఆమె తన భర్త పోయినప్పటి సంగతి చెప్పింది. ఆయన ఇన్సులిన్‌కు నెలనెలా తీసి పెట్టే డబ్బును, ఆయన పోయాక కూడా ఏడాదిపాటు విడిగా తీసి పెట్టిందట. ఎందుకో తనకే తెలియదట.

“తర్వాత ఏం చేస్తివి?” అని అడిగాను.

“ఏం చేస్తా బేటీ. ఇంటి కప్పు కారింది. దానికి పెడితి.”

జీతమొచ్చిన ఆదివారాలు వచ్చాయి, పోయాయి. బస్టాండు వైపు పోలేదు. పాప ఒకసారి అడిగింది, నేను వద్దన్నాను. తిని వస్తే వినేవాళ్ళు లేరని దానికి చెప్పలేదు, అది మళ్ళీ అడగలేదు.

ఎండాకాలం గడిచింది. పాప ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఒంగోలులో డిగ్రీ చదువుతానంది. సీటు వచ్చింది. ఫీజు కొంత ప్రభుత్వం ఇస్తుంది, హాస్టలు మాత్రం మేమే కట్టుకోవాలి. ట్రంకు పెట్టె, దుప్పట్లు, పుస్తకాలు, నెలనెలా మెస్సు, వచ్చిపోయే బస్సు చార్జీలు. ట్యూషన్ డబ్బులు ఇక రావు. ఆ వేసవి నీళ్ళ ట్యాంకరు రేటు పెరిగింది, ఇంటి బాడుగ కూడా పెంచారు. బీరువాలో ఉన్నదంతా తీసి ముందు కట్టాల్సింది కట్టాము. తర్వాత ఇద్దరం కూర్చుని రాబోయే నెలల లెక్క వేసుకున్నాము. పాప పలక వద్దని ఫోన్లో కూడింది. రెండుసార్లు కూడి తలెత్తింది.

“చాలవమ్మా” అంది.

నాకు కన్నీళ్ళొచ్చాయి. అది చూసి పాప కంగారుపడింది. “నేను ఈడనే చేర్తాలే. మార్కాపురంలో కూడ కాలేజీ ఉండాది గదా” అంది.

“కాదులే. నువ్వు పోవాల్సిందే” అన్నాను.

అది దిగులుతో వచ్చిన ఏడుపు కాదని దానికి ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆరు నెలలుగా ఆ మిగులు నా గుండెల మీద కూర్చుని ఉంది. ఆయన పోవడం వల్ల మేం బాగుపడ్డామని ఆ డబ్బు ప్రతి నెలా నా ఎదుట నిలబడి చెబుతున్నట్టుండేది. చాలకపోవడం నాకు తెలుసు. చాలనిదాన్ని పట్టుకుని ఆయనతో ఎన్నో ఆదివారాలు కూర్చున్నాను. అది తిరిగి ఇంట్లోకి వచ్చేసరికి, చాలా రోజులకు నాకు ఊపిరి ఆడినట్టయింది. దుఃఖం తగ్గిందని కాదు. అది ఎక్కడికీ పోలేదు. దాన్ని మోసే చోటు మాత్రం దొరికింది.

“ఎంత తక్కువ?” అని అడిగాను. పాప చెప్పింది. మెస్సు, చార్జీలు, నీళ్ళు, గ్యాస్ మళ్ళీ ఒకసారి వరుసగా చూశాము. కోసేది పెద్దగా ఏమీ లేదు. చావులు, పెళ్ళిళ్ళు అట్లే ఉంచాము.

సాయంత్రం యూనిఫాం చొక్కాలు ఇచ్చే ఆయన దగ్గరికి పోయాను. బడులు తెరిచే రోజులు, పని బాగానే ఉంది. నెలకు రెండు కట్టలు చాలవు, నాలుగు కావాలని అడిగాను. కుట్టగలవా అన్నాడు. కుడతానన్నాను. ముందుగా రెండు కట్టలు ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి, మంచం మీద గుడ్డ పరిచి, చీకటి పడేలోపల కాలర్లు కత్తిరించడం మొదలుపెట్టాను.